పదమూడో కార్డు

టూసాన్, అరిజోనా
1996 ఏప్రిల్ 9

అన్నయ్యా,

నీ ఈస్టర్ కార్డు అందింది. చిరునామా అక్షరాలు వానపాముల్లా పాకుతున్నాయి. చెయ్యి ఇంకా వణుకుతోందా, లేక కళ్లద్దాలు మార్చకుండా మొండికేస్తున్నావా? ఇక్కడ అప్పుడే ఎండలు ముదిరాయి. కుక్క రోజంతా వంటింటి బండల మీద పడుకుంటోంది, దాన్ని దాటుకుంటూ కాఫీ పెట్టుకుంటున్నాను.

అసలు సంగతి వేరే ఉంది. మన హార్లాన్ ఫాల్స్ లైబ్రరీ నుంచి మిసెస్ ఓర్బాన్ అనే ఆవిడ ఉత్తరం రాసింది. అక్టోబరులో మన పాత టీవీ కార్యక్రమం ‘మధ్యాహ్నం కబుర్లు’ జ్ఞాపకంగా ఒక సభ పెడతారట. పదకొండేళ్లు ఆ కార్యక్రమం నడిపిన లూసీ హడ్సన్ వేదిక మీద కూర్చుని, స్టూడియోకి వచ్చిన తారల సంగతులు చెప్పాలట. లూసీ హడ్సన్! లుడ్మిలా హుడాక్ అన్న పేరుతో సబ్బులు అమ్ముడుపోవని టీవీ స్టేషన్ మేనేజర్ తగిలించిన పేరు. ఆ పేరు మీద నాకు ఉత్తరం వచ్చి ఇరవయ్యారేళ్లయింది. ఆఖరున వచ్చిన ఉత్తరాల్లో ఏముందో నీకు తెలుసు. ఆ సంచి మోసుకొచ్చింది నువ్వే.

ఊళ్లో నా చిరునామా ఉన్నది నీ ఒక్కడి దగ్గరే. నాకు ఒక్క మాట చెప్పకుండా ఎందుకిచ్చావు? ఆ సభలో నన్ను కూర్చోబెడితే జనం అడిగేది ఒకటే. లెనోరా వేల్‌ని ఎందుకు ఏడిపించావు అని. అది వినడానికి నేను మూడు వేల కిలోమీటర్లు రావాలా?

మోకాలికి వేడి నీళ్ల కాపడం పెట్టు.

లుడ్కా

*

హార్లాన్ ఫాల్స్, ఒహాయో
1996 ఏప్రిల్ 17

లుడ్కా,

చిరునామా ఇచ్చింది నేనే. సంతోషిస్తావనుకున్నాను. ముందే అడిగుంటే వద్దనేదానివి.

జరిగింది ఇది. స్టేషన్ పాత భవనం అమ్మేశారు. నేలమాళిగలో రెండు వందల పన్నెండు టేపు పెట్టెలు మిగిలాయి. వాటిని లైబ్రరీకి ఇచ్చారు. ఏది ఏమిటో తెలిసినవాళ్లలో బతికున్నది నేనే కాబట్టి మిసెస్ ఓర్బాన్ నన్ను పిలిచింది. ముప్పై ఏళ్లు ఫ్లోర్ మేనేజర్‌గా చేసినవాడికి ఆ పెట్టెల వాసన కూడా గుర్తుంటుంది. వారానికి మూడు రోజులు వెళ్తున్నాను. మందుల షాపులో ముసలావిడ లేదూ, మిసెస్ త్కాచ్, నన్ను చూసినప్పుడల్లా నిన్నే అడుగుతుంది. “మీ చెల్లెలు పన్నెండింటికి తెర మీదికొస్తే నా పొయ్యి మీద సూప్ మాడిపోయేది,” అంటుంది.

నువ్వనుకున్నట్టు జనం ఆ ఒక్క రోజే గుర్తుపెట్టుకోలేదు. బూటులో మందు సీసా దాచుకొచ్చిన కౌబాయ్ వేషాల నటుడు గుర్తున్నాడు. ఈత సినిమాల్లో చేసిన ఆవిడ మన అమ్మ చేసిన వాల్‌నట్ రొట్టె నాలుగు ముక్కలు తిని, లైట్ల వేడికి కెమెరా ముందే చెప్పులు విప్పేసింది, అది గుర్తుంది. ఎంత పెద్ద తారలైనా మన దగ్గరికొచ్చేసరికి మనుషులైపోయేవాళ్లు. హైవే పక్కన భోజనం పెట్టి నాటకం చూపించే హోటల్లో వారం రోజులు వేషం కట్టడానికి వచ్చి, టికెట్లు అమ్ముడుపోవాలని మన స్టూడియోకి వచ్చేవాళ్లు. హాలీవుడ్‌లో తలుపులు మూసుకున్నాక వాళ్లకి మిగిలిన దారి అదే.

రావడం మానడం నీ ఇష్టం. బలవంతం లేదు.

యాంటన్

*

టూసాన్
మే 2

అన్నయ్యా,

మొదటి ఉత్తరం కోపంలో రాశాను. మిసెస్ త్కాచ్ సూప్ సంగతి చదివి నవ్వొచ్చింది. అప్పట్లో ఆవిడ సూప్ మాడకపోయినా తినలేకపోయేవాళ్లం.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆ రోజే తిరుగుతోంది మనసులో. ఎవరితోనూ ఇంతవరకు చెప్పలేదు, నీకు రాస్తాను. 1969 నవంబరు 18, మంగళవారం. నాకు నూట రెండు జ్వరం. ఎప్పటిలాగే పొద్దున్నే ప్రశ్నలు కాగితం మీద గిలికి నీకిచ్చాను. నువ్వు వాటిని అట్ట కార్డుల మీద నల్ల సిరాతో పెద్ద అక్షరాల్లో రాసుకొచ్చావు. ఎప్పుడూ పన్నెండు అట్టలే. నువ్వు కెమెరా కింద నిలబడి ఒక్కొక్కటీ ఎత్తేవాడివి, నేను చదివేదాన్ని, చదవడం పూర్తయ్యే దాకా నువ్వు దించేవాడివి కావు. అలా పదకొండేళ్లు. నువ్వు ఎత్తింది చదవడం నాకు ఊపిరి పీల్చినంత అలవాటు.

లెనోరా వేల్ చేతులకు తెల్ల గ్లోవ్స్ వేసుకొచ్చింది, కూర్చోగానే తీసి పక్కన పెట్టింది. యాభై నాలుగేళ్లుంటాయి. బాగా మాట్లాడింది, నవ్వించింది. అప్పుడు ఆ కార్డు. “ఇప్పుడు మీరు సినిమాల్లో ఎందుకు కనిపించరు?” అని చదివాను, సబ్బు ప్రకటన చదివే గొంతుతో, నవ్వుతూ. ఆవిడ నా వైపు చూసింది. కళ్లు తుడుచుకుంది. లేచి వెళ్లిపోయింది. ఖాళీ కుర్చీ పక్కన కూర్చుని సాసేజ్ కంపెనీ ప్రకటన చదివి కార్యక్రమం ముగించాను.

మర్నాడు పేపర్లో రాశారు. ఏప్రిల్లో ఆవిడ పోయింది, తాగుడు అన్నారు. అప్పుడు మొదలయ్యాయి ఉత్తరాలు. జూన్లో నేను ఊరు వదిలాను.

అన్నయ్యా, ఆ ప్రశ్న రాసినట్టు నాకు గుర్తులేదు. కానీ ప్రశ్నలు రాసేది నేనే కదా. జ్వరంలో రాసే ఉంటాను. నాలో అంత దయలేని మనిషి ఉందని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత ఎవర్నీ ముఖాముఖి ఏ ప్రశ్నా అడగడానికి ధైర్యం చాలలేదు. మా ఆయన ఫ్రెడ్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు డాక్టర్‌ని కూడా.

ఆ పెట్టెల్లో ఆ రోజు టేపు ఉందా? ఉంటే చెప్పు. లేకపోతే ఇంకా మంచిది. ఆ శుక్రవారమే నువ్వు దాన్ని చెరిపించావని కెమెరా వాళ్లు చెప్పారు. నా పరువు కోసం చేశావని నాకు తెలుసు. ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

లుడ్కా

*

హార్లాన్ ఫాల్స్
మే 13

లుడ్కా,

ఆ టేపు లేదు.

శుక్రవారం శుక్రవారం అన్ని టేపులూ చెరిపేవాళ్లం. టేపు ఖరీదైన సరుకు. సాయంత్రం మళ్లీ వేయడానికే రికార్డు చేసేవాళ్లం, వేశాక వాటి మీదే వేరేది ఎక్కించేవాళ్లం. నీ కోసం ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. థాంక్స్ అక్కర్లేదు.

టమాటా మొక్కలు నాటాను. పాత మిల్లు రెండో పొగగొట్టం శనివారం కూల్చారు. జనం కుర్చీలు తెచ్చుకుని మరీ చూశారు. నేను వెళ్లలేదు.

యాంటన్

*

టూసాన్
జూన్ 20

అన్నయ్యా,

మిసెస్ ఓర్బాన్ మళ్లీ రాసింది. మంచి మనిషిలా ఉంది, కానీ కళ్లు చురుకు. నీ గురించి ఆవిడ రాసిన మాటలే ఇక్కడ దింపుతున్నాను: “మీ అన్నగారు 1969 బౌలింగ్ పోటీ అని రాసి ఉన్న పెట్టె ఒకటి కోటు కింద పెట్టుకుని తీసుకెళ్లారు. జూన్ నెలలో కోటు! మేం ఏమీ అనలేదు. ఆయనకు బౌలింగ్ అంటే అంత ఇష్టమని తెలియదు.”

నీకు బౌలింగ్ ఇష్టమా? పిన్నులు పడగొట్టే ఆ బరువు బంతిని కాలి మీద పడేసుకున్న రోజు నుంచి ఆ హాలు గుమ్మం తొక్కావా?

నాకు అర్థమైంది. బౌలింగ్ పోటీని ఆ మంగళవారం టేపు మీద ఎక్కించి ఉంటారు. పోటీ తొందరగా అయిపోయి ఉంటుంది, చివర్లో మన కార్యక్రమం తోక మిగిలి ఉంటుంది. అలా జరిగేది, నువ్వే చెప్పేవాడివి, వార్తల చివర అదే టేపు మీద అంతకుముందున్న పెళ్లి తాలూకు పెళ్లికూతురు కనిపించేది అని. నువ్వు అది చూశావు. లేదని నాకు అబద్ధం రాశావు, నేను ఏం చేశానో నా కళ్లతో నేను చూడకూడదని. ఇన్నేళ్లయినా నన్ను కాపాడుతూనే ఉన్నావు.

అన్నయ్యా, దాన్ని కాల్చెయ్. పెరట్లో ఆకులు తగలబెట్టే డ్రమ్ములో వేసెయ్. నేను చూడను, ఎవరూ చూడొద్దు. సభకు రానని మిసెస్ ఓర్బాన్‌కి రాసేశాను.

నిన్న పక్కింటి కోన్సుయేలో వాళ్లింట్లో మధ్యాహ్నం పాత సినిమా వేశారు. ఓడ మెట్ల మీద నుంచి లెనోరా వేల్ దిగుతోంది, ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల. “ఎంత అందంగా ఉందో చూడు, ఈవిడ ఇప్పుడెక్కడుంది?” అంది కోన్సుయేలో. కుక్కకి నీళ్లు పెట్టాలని చెప్పి లేచి వచ్చేశాను.

కాల్చాక ఒక్క ముక్క రాయి.

లుడ్కా

*

పోస్టుకార్డు. హార్లాన్ ఫాల్స్, జూన్ 29

ఉత్తరం అందింది. మోకాలు వాచింది, బయటికి పోవడం లేదు. తర్వాత రాస్తాను. యాంటన్.

*

టూసాన్
జులై 16

అన్నయ్యా,

మోకాలు ఎలా ఉంది? కాల్చావో లేదో రాయలేదు. కాల్చే ఉంటావు. చెప్పిన పని చేసే రకం నువ్వు. నాన్న పోయినప్పుడు, నా మీద ఊరంతా పడ్డప్పుడు, నిలబడ్డది నువ్వొక్కడివే. ప్రతి ఆదివారం ఆ సంచి పట్టుకుని వచ్చి, నా పక్కన కూర్చుని, ఆ ఉత్తరాలు నువ్వే చదివి చింపేసేవాడివి. అలాంటి అన్న ఎంతమందికి ఉంటాడు? కోన్సుయేలోకి చెప్తే కళ్లు తుడుచుకుంది.

లుడ్కా

*

హార్లాన్ ఫాల్స్
ఆగస్టు 4

లుడ్కా,

ఈ ఉత్తరంతో పాటు ఒక క్యాసెట్ పంపుతున్నాను. కాల్చలేదు. క్లీవ్‌లాండ్‌లో ఒకతని దగ్గర పాత మిషన్ ఇంకా తిరుగుతోంది. అక్కడికి బస్సులో తీసుకెళ్లి ఇంట్లో చూసుకునే క్యాసెట్‌గా మార్పించాను. ఉత్తరం పూర్తిగా చదివాకే క్యాసెట్ పెట్టు. ఇది మాత్రం నా మాట విను.

నీ ఊహలో ఒకటి నిజం. బౌలింగ్ పోటీ యాభై నిమిషాల్లో అయిపోయింది. చివర పది నిమిషాలు ఆ మంగళవారానివి మిగిలాయి. ఆ ప్రశ్న అందులో లేదు, అది బౌలింగ్ కింద పోయింది. ఖాళీ కుర్చీ, నువ్వు సాసేజ్ ప్రకటన చదవడం, నువ్వు లేచి మేకప్ గదిలోకి పరిగెత్తడం ఉన్నాయి. టేపు మనిషి భోజనానికి పోయాడు, ఆపేవాడు లేక మిషన్ నడుస్తూనే ఉంది. మైకు తెరిచే ఉంది.

మిగిలింది వరసగా రాస్తాను.

1943లో నాకు పదిహేడు. నువ్వు చూసిన ఆ ఓడ సినిమాని నేను మన ఊళ్లో తొమ్మిదిసార్లు చూశాను. తర్వాత సైన్యంలో ఆవిడ ఫొటో నా పెట్టె మూతకి అంటించి ఉండేది. యుద్ధం అయ్యాక ఆవిడవి మూడు సినిమాలు వచ్చాయి, తర్వాత రాలేదు. ఎందుకు రాలేదో అని ఇరవై ఏళ్లు అనుకుంటూనే ఉన్నాను. ఆవిడ మన స్టూడియోకి వస్తోందని తెలిసిన రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున నువ్వు కాగితం ఇచ్చావు. పన్నెండు ప్రశ్నలు. పన్నెండు అట్టలు రాశాను. ఒక అట్ట మిగిలింది. పదమూడోది రాశాను. “ఇప్పుడు మీరు సినిమాల్లో ఎందుకు కనిపించరు?” ఆ ప్రశ్న నాది, లుడ్కా. ఆవిడ్ని చూడాలని ఉన్నవాడు అడిగే ప్రశ్న అనుకున్నాను. నీకు జ్వరమని తెలుసు. నీకు చెప్పలేదు. నేను ఎత్తితే నువ్వు చదువుతావని తెలుసు. నీ గొంతులో అది అలా వినిపిస్తుందని తెలియదు.

నువ్వు మేకప్ గదిలోకి వెళ్లాక ఆవిడ గ్లోవ్స్ కోసం తిరిగి వచ్చింది. అది టేపులో ఉంది. నేను అట్టలు చంకలో పెట్టుకుని నిలబడ్డాను. ఆవిడ “ఆ చివరిది ఎవరు రాశారు?” అని అడిగింది.

నేను “ప్రశ్నలు మా చెల్లెలు రాస్తుందండీ. నేను అట్టల మీద దింపుతాను, అంతే,” అన్నాను.

ఆవిడ గ్లోవ్స్ వేసుకుంది. “మీ చెల్లెలితో చెప్పండి, అది మంచి ప్రశ్నే. ఎవరింట్లోనైనా వంటింట్లో కూర్చుని అడిగి ఉంటే జవాబు చెప్పేదాన్ని. నా కోపం ఆ అమ్మాయి మీద కాదు,” అని వెళ్లిపోయింది.

ఆ మాట నీకు చెప్పలేదు. చెప్తే నేనేమన్నానో కూడా చెప్పాలి. మర్నాడు చెబుదామనుకున్నాను, మర్నాడు పేపర్లో వచ్చింది. ఆవిడ పోయాక ఇంక నోరు రాలేదు. ఉత్తరాల సంచి నీ దగ్గరికి తెచ్చేవాణ్ణి. నీ ముందు చదవడం నాకు నేను వేసుకున్న శిక్ష అనుకునేవాణ్ణి. అది నీకు కూడా శిక్షే అని తోచలేదు.

ఆ క్యాసెట్ నేను ఏమీ రాయకుండా పంపితే, అందులో నా మాటలు విని ప్రశ్న నీదే అని నువ్వు ఇంకా గట్టిగా నమ్ముతావు. కాల్చేస్తే నేను మంచి అన్నగానే పోతాను. నువ్వే కాల్చమన్నావు కూడా. డ్రమ్ములో ఆకులు వేసి అగ్గిపుల్ల గీశాను. పెట్టె చేతిలోనే ఉంది. నువ్వు థాంక్స్ చెప్పిన ఉత్తరం జేబులో ఉంది. ఆకులే కాల్చాను.

ఇంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

యాంటన్

*

హార్లాన్ ఫాల్స్
ఆగస్టు 27

లుడ్కా,

పార్సిల్ అందినట్టు నీ సంతకంతో రశీదు వచ్చింది, పన్నెండో తేదీన. ఉత్తరం రాలేదు. రాయాలని లేదు గాబోలు. కుక్క బాగుందా?

యాంటన్

*

టూసాన్
సెప్టెంబరు 14

యాంటన్,

కుక్క బాగుంది.

క్యాసెట్ ఏడుసార్లు చూశాను, కోన్సుయేలో ఇంట్లో, ఆవిడ మార్కెట్‌కి వెళ్లినప్పుడు. ఆరుసార్లు నిన్నే చూశాను. నలభై మూడేళ్లు నీకు, జుట్టు నల్లగా ఉంది. ఆవిడ అడిగినప్పుడు నువ్వు ఒక్క క్షణం కూడా ఆగలేదు. అదే నాకు మింగుడుపడటం లేదు. భయంతో తడబడి అన్నావేమో అనుకున్నాను. తడబడలేదు. “మా చెల్లెలు రాస్తుందండీ.” ఎంత మర్యాదగా అన్నావు!

ఆవిడ పోయిన వారం నేను నేల మీద కూర్చుని ఏడుస్తుంటే నా భుజం మీద చెయ్యి వేసి “పొరపాటు ఎవరైనా చేస్తారు లుడ్కా” అన్నావు. అన్న ఎంత గొప్పవాడో అనుకున్నాను. నువ్వు మాట్లాడేది నీ గురించని నాకేం తెలుసు?

ఏడోసారి ఆవిడ్ని చూశాను. గ్లోవ్స్ వేసుకునేటప్పుడు ఒక వేలు లోపల మడతపడింది. తీసి మళ్లీ వేసుకుంది. తొందర లేదు ఆవిడకి. నా మీద కోపం లేదంది. ఆ మాట నా దగ్గరికి రావడానికి దాదాపు ఇరవయ్యేడేళ్లు పట్టింది. మేకప్ గది నుంచి ఆ కుర్చీకి పదిహేను అడుగులు. నేను రెండు నిమిషాల్లో బయటికొచ్చి ఉంటే చాలు. ఆవిడ్ని మన వంటింటికి తీసుకెళ్లి అడిగేదాన్ని.

నిన్ను క్షమించానని రాయడం లేదు. అలాంటి ఆశ పెట్టుకోకు. ఇవాళ చర్చి నుంచి వస్తూ ఎందుకో డాక్టర్‌ని ఆపి నా రక్తపోటు గురించి అడిగాను. ఆ నవంబరు తర్వాత ఒక మనిషిని ముఖాముఖి ఏదైనా అడగడం ఇదే మొదటిసారి. ఊరికే రాస్తున్నాను.

సభకు వస్తానని మిసెస్ ఓర్బాన్‌కి ఫోన్ చేశాను. అక్టోబరు 19. మీ ఇంట్లో దిగను, మోటెల్లో గది చెప్పాను. వేదిక మీద నేను, నా పక్కన ఒక ఖాళీ కుర్చీ. నువ్వు ఎదురుగా, కెమెరా ఉండే చోట నిలబడాలి. ఆ పదమూడో కార్డు మళ్లీ రాసి ఎత్తాలి. నేను చదువుతాను. ఈసారి సబ్బు అమ్మే గొంతుతో కాదు. తర్వాత ఆవిడ అడిగినట్టే, ఇది ఎవరు రాశారని నిన్ను అడుగుతాను. మిసెస్ త్కాచ్ ఉంటుంది, ఊరంతా ఉంటుంది. జవాబు నువ్వు చెప్పాలి.

రాలేనంటే ముందే రాయి. టికెట్ వెనక్కిస్తాను.

లుడ్మిలా

*

హార్లాన్ ఫాల్స్
సెప్టెంబరు 21

లుడ్మిలా,

కార్డు రాశాను. నల్ల సిరా, నాలుగంగుళాల అక్షరాలు, అప్పటి కొలతే. కింద మూలలో నా పేరు కూడా రాశాను, అడగక ముందే కనిపించేలా.

కొత్త కళ్లద్దాలు తీసుకున్నాను. చెయ్యి మాత్రం బాగా వణుకుతోంది. అక్షరాలు కదిలితే కాస్త ఆగి చదువు. నేను దించను.

యాంటన్